చెవులు బాగానే ఉన్నాయట

మా బిడ్డ చెవులకు ఏ లోపమూ లేదని డాక్టరు చెప్పిన రోజు గద్వాల బస్టాండులో మిఠాయి కొనుక్కొని ఇంటికి వచ్చాను. ఆ మాటనే కర్రలా పట్టుకుని బడివాళ్లు దాన్ని ఏడాదంతా ఏడిపిస్తారని అప్పుడు నాకు తెలియదు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. మండనీ. చల్లబడితే ఇదంతా రాయలేను.

మాది అమరచింత. ముందు గదిలో పిండి గిర్ని, వెనక రెండు గదుల్లో కాపురం. నేను పుట్టింది ఇటిక్యాల మండలంలో ఒక పల్లె. వనపర్తిలో డిగ్రీ చదివి, పెళ్లయ్యాక ఈ గిర్ని ఇంటికి వచ్చాను. పొద్దున మోటారు మొదలైతే చీకటి పడేదాకా ఆగదు. జొన్నలు, గోధుమలు, ఎండాకాలంలో మిరపకాయలు, పసుపు కొమ్ములు. బెల్టు తిరుగుతున్నంతసేపూ మా ఇంట్లో ఎవరూ మామూలుగా మాట్లాడరు. అరుస్తారు, లేదంటే చేత్తో సైగ చేస్తారు. కొత్త కోడలిగా వచ్చినప్పుడు వీళ్లందరికీ నా మీద కోపమేమో అనుకున్నాను. తర్వాత నేనూ అరవడం నేర్చుకున్నాను.

మా అమ్మాయి ఆ చప్పుడులోనే పుట్టి పెరిగింది. మాటలు కాస్త ఆలస్యంగా వచ్చినా, వచ్చాక గలగలా మాట్లాడేది. కానీ చెప్పిన పని ఒకటైతే చేసేది ఇంకొకటి. చాట తెమ్మంటే చాప తెచ్చేది. పెనం ఇవ్వమంటే సంచిలోంచి పెన్ను తీసి ఇచ్చేది. మేం నవ్వేవాళ్లం. ఎందుకు నవ్వుతున్నామో తెలియకపోయినా అది కూడా మాతో కలిసి నవ్వేది. ఎవరేం చెప్పినా ముందుగా "ఏందీ?" అనేది.

మూడో తరగతిలో ఆ నవ్వులు ఆగిపోయాయి.

అప్పుడది మా ఊళ్లోనే ఒక ప్రైవేటు ఇంగ్లిషు మీడియం బడిలో చదివేది. రోడ్డు పక్కన రేకుల షెడ్డు. ఒక తరగతికీ ఇంకో తరగతికీ మధ్య ప్లైవుడ్ చెక్కే గోడ. అటు పక్క ఎక్కాలు, ఇటు పక్క రైమ్స్, బయట ట్రాక్టర్లు, లారీలు, తలమీద కిర్రుకిర్రుమనే ఫ్యాన్లు. క్లాసు టీచరు ఒకరోజు నన్ను పిలిపించింది. మా అమ్మాయిని పక్కనే నిలబెట్టింది.

"మీ పాపకు చెవులు ఇనబడ్తయా, లేదా?" అంది.

"ఇనబడ్తయి మేడం. గిర్ని అవతల ఉండి పిలిచినా పలుకుతది."

"మరి నేను చెప్పింది ఎందుకు ఇనదు? డిక్టేషన్ చెప్తే పక్క పిల్ల నోట్సుల చూస్తది. లేవమంటే అందరు లేసినంక లేస్తది. ఒక పేజీ తీయమంటే ఇంకో పేజీ తీస్తది. ఇది పొగరన్న కావాలె, చెవుడన్న కావాలె. ఏదో ఒకటి తేల్చుకొని రాండ్రి."

బిడ్డ ముందే అంది ఆ మాట. అది టీచరు నోటి వంక, నా నోటి వంక మార్చి మార్చి చూస్తోంది. ఏం జరుగుతోందో దానికి మా ముఖాలను బట్టే తెలియాలి మరి.

మర్నాడే నేనూ మా ఆయనా దాన్ని తీసుకుని జూరాల మీదుగా గద్వాల వెళ్లాం. చెవి డాక్టరు దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, తలకు హెడ్‌ఫోన్లు పెట్టి, కూత వినబడినప్పుడల్లా చెయ్యెత్తమన్నారు. ఎంత సన్నని కూతకైనా మా అమ్మాయి చెయ్యెత్తింది. డాక్టరు కాగితం చూసి నవ్వాడు.

"చెవులు బంగారం లెక్క ఉన్నయమ్మా. ఏం రోగం లేదు. జర చదువు మీద ధ్యాస పెట్టమను."

"మరి మాటలు ఎందుకు తప్పు ఇంటది సార్?"

"పిల్లలు గట్లనే ఉంటరు. ఫోన్ ఇయ్యకుండ్రి."

మా ఇంట్లో పిల్ల చేతికి ఫోను ఇచ్చే అలవాటే లేదు. ఆ మాట చెప్పేలోగా తర్వాతి మనిషి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కూత వినబడడం వేరు, మాట అందడం వేరు. ఆ రెండో దానికి కూడా పరీక్ష ఉంటుందని ఆయన ఒక్క ముక్క అని ఉంటే మాకు ఎంత కాలం మిగిలేదో! అయినా ఆ రోజు చెవుడు లేదన్న సంబరమే నాకు చాలింది.

రిపోర్టు చూసిన టీచరుకు నాకంటే ఎక్కువ సంబరమైంది.

"చూసిన్రా? నేను చెప్పలె? మంచిగ ఇనబడ్తది. అంటే కావాల్నని చేస్తుంది."

ఆ రోజు నుంచి మా అమ్మాయి ఆఖరి బెంచీకి పోయింది. మాట వినేదాకా అక్కడే కూర్చోవాలట. ముందు కూర్చున్నప్పుడే సగం అందని పిల్లకు, పైన ఫ్యాను, వెనక ప్లైవుడ్ చెక్క, పక్కన రోడ్డు ఉన్న మూలలో ఏం అందుతుంది? పిల్లలు 'చెవిటిది' అని పిలవడం మొదలుపెట్టారు. ఆ మాట మాత్రం దానికి ఎంత గోలలోనైనా స్పష్టంగా అందేది.

ఒకరోజు టిఫిను డబ్బా తీసుకెళ్లింది తీసుకెళ్లినట్టే ఇంటికి వచ్చింది. మూత తీస్తే పొద్దున నేను కలిపిన చింతపండు పులిహోర ముద్ద అలాగే ఉంది.

"అన్నం ఎందుకు తినలే బిడ్డా?"

"మేడం నన్ను బయట నిలబెట్టింది. బెల్లు కొట్టినంక ఏదో అన్నది. నాకు సమజ్ కాలే. మల్ల అడిగితే కొడ్తది. అందుకే ఆడ్నే నిలబడ్డ."

పక్కింటి పిల్లను అడిగితే సంగతి తెలిసింది. గంట కొట్టగానే పిల్లలంతా కేకలు వేస్తూ బయటికి ఉరికారు. టీచరు గుమ్మంలోంచే "పో, తిని రా" అంది. ఆ కేకల మధ్య మా అమ్మాయికి ఆ రెండు ముక్కలు అందలేదు. అన్నం బెల్లు అయిపోయేదాకా వరండాలో ఎండలో అట్లాగే నిలబడింది. పొరపాటు పని చేయడం కంటే కదలకుండా ఉండడమే క్షేమమని ఎనిమిదేళ్ల పిల్లకు మూడో తరగతి నేర్పిన పాఠం అది.

తెల్లవారి నేను బడికి వెళ్లి పోట్లాడాను. "అన్నం తినుమని దగ్గరికొచ్చి చెప్పనీకి ఏం అడ్డమొచ్చింది మీకు?" అని అడిగాను. టీచరు ముఖం తిప్పుకుంది. బడి నడిపే సారు కలగజేసుకున్నాడు.

"క్లాసు నిండ పిల్లలున్నరు మేడం. ఒక్కొక్కరి కాడికి పోయి చెప్తదా? మీ పాపకే ఏదో ఉంది. మంచిగ చూపించుకోండ్రి."

చూపించుకుంటే ఏమీ లేదన్నారు. ఏమీ లేదంటే పొగరన్నారు. పొగరు కాదని కొట్లాడితే చూపించుకోమంటున్నారు. గానుగెద్దులా తిరిగి తిరిగి అక్కడికే వచ్చాం.

నాగర్‌కర్నూల్‌లో మా ఆడపడుచు ఉంటుంది. అక్కడ చెవి మెషీన్లు అమ్మే దుకాణం ఉందని, ఒకసారి చూపిస్తే పోయేదేముందని ఫోను చేసి పిలిచింది. వెళ్లాం. దుకాణంవాడు గద్వాల రిపోర్టు చూశాడు. చూసి కూడా ఒక మెషీను తీసి పిల్ల చెవిలో పెట్టాడు. అది ఉలిక్కిపడి రెండు చేతులూ చెవులకు అడ్డం పెట్టుకుంది.

"ఎట్లుంది బిడ్డా?" అని మా ఆయన వంగి అడిగాడు.

"సప్పుడు పెద్దగైంది నాయనా. మాటలు గట్లనే ఉన్నయి."

నాలుగేళ్లు కాలేజీలో చదివినవాళ్లు చెప్పాల్సిన మాటను అది అంత తేటగా చెప్పింది. దుకాణంవాడికి పట్టలేదు. "అలవాటైతే అదే సెట్ అయితది అన్నా," అన్నాడు.

"చెవులు మంచిగున్నయని కాగితం చూపిస్తిమి గద. మంచి చెవులకు మెషీనెందుకు పెడ్తున్నవ్?" అని మా ఆయన గొంతు పెంచాడు. ఆయన గిర్ని గొంతుతో అరిస్తే వీధి చివరకు వినబడుతుంది. మెషీను తీసి బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాం. బాగున్న చెవిలో అంత మోత పోస్తే ఏమవుతుందో అడిగేవాళ్లు లేరు. ఇట్లాంటి దుకాణాలను అడిగే ఆఫీసు ఎక్కడుందో మేం తిరిగిన ఊళ్లలో మాకైతే కనబడలేదు.

ఆ దసరా సెలవులకు పిల్లను తీసుకుని మా అమ్మగారింటికి వెళ్లాను. యాసంగి వేరుశనగ వేసే రోజులు. చేని దగ్గర చింత నీడలో మా అమ్మ విత్తనాల కోసం బుడ్డలు ఒలుస్తూ కూర్చుంది. మా అమ్మాయి పక్కన కూర్చుని ఒలుస్తోంది. చుట్టుపక్కల మోటారు లేదు, బండి లేదు. గాలికి కంది ఆకు కదిలితే వినబడేంత నిశ్శబ్దం. మా అమ్మ ఎప్పటిలాగే మెల్లగా చెప్పింది.

"బిడ్డా, బాయి కాడికి పోయి బిందె దే. వచ్చేటప్పుడు మీ తాతను బువ్వకు రమ్మను. ఆడ గంప ఉంటది, గది గూడ తే."

నేను లేవబోయాను. అన్నీ ఒకేసారి చెబితే దానికి ఎక్కవని నాకు తెలుసు కదా. నేను లేచేలోగా అది పరుగెత్తింది. బిందె వచ్చింది, గంప వచ్చింది, వెనకే మా నాయన వచ్చాడు.

మా అమ్మ నా వంక చూసింది. "దీనికి చెవుడేందే? మెల్లగ చెప్తే అన్ని చేస్తుంది గద. మీ గిర్ని ఇంట్లనే ఏదో ఉంది."

ఆ మధ్యాహ్నం పక్క చేన్లోకి దున్నడానికి ట్రాక్టరు వచ్చింది. మా అమ్మ మళ్లీ ఏదో తెమ్మంది. మా అమ్మాయి తలెత్తి, "ఏందీ?" అంది. మా అమ్మ ఇంకోసారి చెప్పింది. మళ్లీ "ఏందీ?" పొద్దున ఈ చప్పుడు లేదని నాకు తట్టింది. లేచి గట్టు దాటి ట్రాక్టరుకు అడ్డం పోయాను.

"తమ్మీ, జర ఆపుతవా?"

"ఏమైందక్కా?" అని ఆ డ్రైవరు కంగారుగా ఇంజను ఆపాడు.

వెనక్కి వచ్చి, మా అమ్మ అడిగిందే అదే గొంతుతో అడిగాను. మా అమ్మాయి ఠక్కున లేచి కొడవలి తెచ్చింది. ఇంజను మళ్లీ మొదలుపెట్టమని చెయ్యి ఊపాను. ఇంకేదో అడిగాను. "ఏందీ?" అంది. డ్రైవరు నాకు పిచ్చెక్కిందనుకుని ఉంటాడు.

పిల్లను దగ్గరకు తీసుకుని చెవిలో అడిగాను. "ట్రాక్టర్ ఉంటే ఏమైతది బిడ్డా?"

"మాటలు ఇరిగిపోతయమ్మా. ముక్కలు ముక్కలు వస్తయి. ఏ ముక్క ఏందో తెల్వదు."

"బడిల గూడ గంతేనా?"

"బడిల ఎప్పుడు గంతే."

టీచరు నన్ను అడిగింది, డాక్టరు నాకు చెప్పాడు, దుకాణంవాడు మా ఆయనకు చెప్పాడు. దాన్ని మాత్రం ఎవరూ కూర్చోబెట్టి ఇట్లా అడగలేదు. అడిగి ఉంటే చెప్పేది. దానికి ఎప్పటినుంచో తెలుసు. మాటలు అందరికీ అట్లాగే విరిగి వస్తాయని, అందరూ ఎట్లాగో అతికించుకుంటున్నారని, తనకే చేతకావడం లేదని అనుకుంది పాపం.

సెలవులు కాగానే సర్కారు దవాఖానకు వెళ్లాం. అది ఏ ఊరిదో ఇక్కడ రాయను. అక్కడ చెవి పరీక్షల కోసం బయటి చప్పుడు చొరబడకుండా కట్టిన గది ఒకటి ఉంది. మందపాటి తలుపు, గోడలకు మెత్తని పలకలు. తలుపు తీసి చూపించమంటే తీశారు. లోపల దోమతెరల కట్టలు, విరిగిన చక్రాల కుర్చీలు, అట్టపెట్టెలు పైకప్పు దాకా. పరీక్ష చేసే మేడం వేరే చోటికి డిప్యుటేషన్ మీద పోయిందట. ఎప్పుడు వస్తుందంటే "మాకు తెల్వదు" అన్నారు. మా జిల్లాల్లో ఒక పిల్లను ప్రశాంతంగా కూర్చోబెట్టి, నీకు మాట ఎట్లా వినబడుతోంది తల్లీ అని అడగడానికి కట్టిన ఒక్క గదిలో అట్టపెట్టెలు ప్రశాంతంగా కూర్చున్నాయి.

ఆ దవాఖానకే తిరగ్గా తిరగ్గా ఒకసారి, మాటలు సరిగా రాని పిల్లలకు నేర్పడానికి వారానికోసారి వచ్చే ఒక అమ్మాయి దొరికింది. చిన్న వయసు. వరండాలో నిలబడే నా మాటలన్నీ విన్నది. ట్రాక్టరు సంగతి చెప్పినప్పుడు ఆమె కళ్లు పెద్దవయ్యాయి.

"అక్కా, ఇది చెవి జబ్బు కాకపోవచ్చు. చెవి ఇన్నదాన్ని మెదడు ఏరుకునే కాడ కష్టమున్నట్టుంది. దీనికి వేరే పరీక్షలుంటయి. ఈడ లేవు. హైదరాబాద్ పోవాలె," అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఇట్ల ఎంతమంది వస్తరో తెల్వదక్కా. మొద్దు పిల్లలని ఇంటికి పంపుతరు," అని కూడా అంది.

హైదరాబాదులో పరీక్ష చేసిన మేడం పెద్దావిడ. పిల్లతో చాలాసేపు మాట్లాడాకే పని మొదలుపెట్టింది. అద్దాల గదిలో పిల్ల, ఇవతల మేం. ముందుగా రికార్డు చేసిన తెలుగు మాటలు వినిపించి, విన్నది తిరిగి చెప్పమంది. రేడియోలో వార్తలు చదివే గొంతు. 'గరిటె' అంది ఆ గొంతు. మా అమ్మాయి మాట్లాడలేదు. 'పుచ్చకాయ' అంది. మా అమ్మాయి దిక్కులు చూసింది.

నాకు నోరు ఆగలేదు. "మేడం, మా ఇంట్ల దాన్ని గంటె అంటం. గీన్ని తర్బూజ అంటం. చప్పుడు లేకున్నా దానికి ఆ మాటలు తెల్వయి," అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. మెషీను ఆపింది. "నిజమే అమ్మా. ఈ మాటల పట్టీ మీ వైపు పిల్లలతో ఎవరూ సరిచూడలేదు. అందుకే దీని మార్కు ఒక్కటే చూసి నేను ఏదీ తేల్చను. అంకెలతో చేద్దాం, అంకెలు అందరివీ ఒకటే," అంది.

ఆవిడ మంచితనం నాకు అర్థమైంది. నా కోపం ఆవిడ మీద కాదు. ఇన్ని కోట్ల మంది మాట్లాడే భాషలో పిల్లల వినికిడి కొలవడానికి మాటలు ఏరినప్పుడు, మా పాలమూరు పిల్లలు కూడా ఆ కుర్చీలో కూర్చుంటారని ఎవరికీ తట్టలేదే, దాని మీద.

అంకెలతో చేసిన పరీక్ష నా కళ్లతో చూశాను. కుడి చెవిలో ఒక అంకె, ఎడమ చెవిలో ఇంకో అంకె ఒకేసారి వినిపిస్తే, మా అమ్మాయి కుడి చెవివి చెప్పేది, ఎడమ చెవివి జారిపోయేవి. ఒక్క ఎడమ చెవికే వినిపిస్తే అన్నీ చెప్పేది. తర్వాత వెనకాల బజారు గోల పెట్టి వినిపించారు. ఆ గోల కొంచెం పెరిగేసరికి పిల్ల చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. బడిలో ఎట్లా కూర్చుంటుందో నాకు అప్పుడు కనబడింది. చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను.

మేడం మా ఇద్దరికీ ఓపికగా చెప్పింది. ఈ కష్టాన్ని 'విన్నది అర్థం చేసుకోవడంలో లోపం' అంటారట. చెవి తన పని తాను చేస్తోంది. వచ్చిన చప్పుడులోంచి మాటను విడదీయడం దగ్గర మెదడు తడబడుతోంది. తెలివికి ఏ లోటూ లేదు.

"అంటే జల్లెడ జర సతాయిస్తుందన్నట్టు," అన్నాడు మా ఆయన.

"అట్లాగే అనుకోండి. దీనికి మందు లేదు, ఆపరేషను లేదు. కానీ మనం చేయాల్సింది చాలా ఉంది," అంది ఆవిడ.

చేయాల్సినవన్నీ ఇంత చిన్నవా అని ఆశ్చర్యపోయాను. మాట్లాడేటప్పుడు పిల్ల ముఖంలోకి చూసి మాట్లాడాలి. అందకపోతే అదే మాటను గట్టిగా అరవకుండా, వేరే మాటల్లో చెప్పాలి. బడిలో ముందు బెంచీ, రోడ్డుకు దూరంగా. ముఖ్యమైనవి బోర్డు మీద రాయాలి. ఇంట్లో రోజూ కాసేపు వినికిడి సాధన. మొదట నిశ్శబ్దంలో కథ చెప్పి అడగడం, అలవాటయ్యాక పక్కన రేడియో సన్నగా పెట్టి అడగడం, ఎడమ చెవికి వేరుగా పని చెప్పడం. ఇవి కాక, టీచరు మెడలో వేసుకునే ఒక చిన్న మైకు, పిల్ల చెవిలో పెట్టుకునే ఒక చిన్న రిసీవరు కొన్నాళ్లు వాడి చూడమని ఇచ్చింది. నాగర్‌కర్నూల్ మెషీనులా ఇది అన్ని చప్పుళ్లనూ పెంచదు. టీచరు మాటను ఒక్కదాన్నే తెచ్చి పిల్ల చెవిలో సన్నగా వేస్తుంది.

ఇంటికి రాగానే మా ఆయన గిర్ని గదికీ మా గదులకూ మధ్య ఉన్న ఖాళీ గుమ్మానికి మందమైన తలుపు పెట్టించాడు. మా అత్తమ్మకు మొదట ఈ సంగతి మింగుడు పడలేదు. "మా కాలంల గిసోంటియి యాడున్నయి?" అంది. రెండు రోజులు ఊరుకుని, ఒక సాయంత్రం తనే వచ్చి నా దగ్గర కూర్చుంది.

"మా తమ్ముడు గూడ గిట్లనే ఉండె. పంతులు చెప్పింది ఎక్కకపోయేది. మొద్దోడని బడి మాన్పించి గొర్ల కాడికి తోలిన్రు. గుట్ట మీద మాత్రం మస్తు ముచ్చట చెప్పెటోడు," అంది. అని కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత మా ఇంట్లో ఇంకో గదిలోంచి పిల్లను కేకేసినవాళ్లను ఆమే తిట్టేది. "దగ్గరికి పోయి భుజం తట్టి చెప్పుండ్రి. కాళ్లు లేవా మీకు?"

ఒక ముసలమ్మకు రెండు రోజుల్లో ఎక్కిన సంగతి బడివాళ్లకు ఎక్కలేదు.

హైదరాబాదు మేడం రాసిచ్చిన కాగితం తీసుకెళ్లి బడి నడిపే సారు ముందు పెట్టాను. "గిది గూడ ఒక బీమారేనా? హైదరాబాద్ పోతే ఏదో ఒకటి రాసిస్తరు," అన్నాడు. ముందు బెంచీ అడిగితే, అవి బాగా చదివే పిల్లలకట. బోర్డు మీద రాయమంటే, టైము లేదట. మైకు తీసి బల్ల మీద పెట్టాను. క్లాసు టీచరు దాన్ని పామును చూసినట్టు చూసింది.

"గిది నేనేసుకోను సార్. మేం మాట్లాడేదంత రికార్డు చేసి రేపు వాట్సాపుల పెడ్తరు."

"దీంట్ల రికార్డు కాదు మేడం. మీ మాట పాప చెవిలకు పోతది, గంతే."

"ఎవరికి తెల్సు?" అంది.

నేను సారు వంక చూశాను. ఆయన కాగితం మడిచి నా వైపు జరిపాడు. "ఒక్క పిల్ల కోసం బడి మార్చలేం మేడం. అందరికీ ఒకటే రూలు."

"గట్లైతే ఆ ఒక్క పిల్లను మేమే మారుస్తం," అని టీసీ ఇమ్మన్నాను. క్లాసులో తన మాటలు బయటపడతాయన్న టీచరు భయం ముందు, ఒక పిల్లకు పాఠం వినబడాలన్న కోరిక ఎంత తేలికైపోయిందో!

సర్కారు బడిలో చేర్పించాం. చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. ఆ బడిలో పిల్లలు కొద్దిమందే. డబ్బులున్నవాళ్లంతా ప్రైవేటుకు పోతే మిగిలినవాళ్లు. దాంతో గది నిశ్శబ్దంగా ఉండేది. బడి ఖాళీ అయితే తప్ప మా పిల్లకు వినబడే గది దొరకలేదని సంతోషపడాలో, తల బాదుకోవాలో తెలియలేదు. టీచరమ్మ మైకును అటూ ఇటూ తిప్పి చూసి, "యాడ పెట్టుకోవాలమ్మా? చీరకా, మెడకా?" అని మాత్రం అడిగింది. మొదట్లో పెట్టుకోవడం మరచిపోయేది. చార్జింగు మరచిపోయేది. పిల్ల వెళ్లి గుర్తు చేస్తే నాలుక కరుచుకునేది. ఆవిడ గొప్పగా ఏమీ చేయలేదు. అడిగినది చేసింది. అదే చాలింది.

సాయంత్రాలు తలుపు వేసుకుని సాధన చేసేవాళ్లం. మొదట్లో రేడియో పెడితే విసుక్కుని లేచిపోయేది, ఏడ్చేది. నిదానంగా దారికొచ్చింది. ఆరో నెలకో ఏడో నెలకో డిక్టేషన్ నోట్సు తెచ్చి చూపించింది. తప్పులు ఉన్నాయి, కానీ అన్ని మాటలూ రాసి ఉన్నాయి. మధ్యలో ఖాళీలు లేవు. నయమైపోయిందని ఎవరికీ చెప్పను. పెళ్లిళ్లలో, జాతరల్లో ఇప్పటికీ దానికి మాటలు విరుగుతాయి. కానీ విరిగినప్పుడు ఏం చేయాలో ఇప్పుడు తెలుసు.

గిర్నికి జొన్నలు పట్టించుకోవడానికి వచ్చే ఒక కూలి మనిషి ఉంది. ఆమె బిడ్డకూ మా అమ్మాయి ఈడే. "మొద్దుది అక్కా. ఏం చెప్పినా ఏందీ అంటది. బడి మాన్పించి పత్తి చేన్లకు తోల్కపోత," అంది ఒకరోజు. నాకు నిలువెల్లా మంట పుట్టింది. ఆ పిల్లను మా తలుపు లోపలికి తీసుకెళ్లి మాట్లాడాను. నిశ్శబ్దంలో నేను చెప్పినవన్నీ తిరిగి చెప్పింది. హైదరాబాదు పోవాలంటే ఆ తల్లికి పనులు పోతాయి, వచ్చాక మళ్లీ మళ్లీ పోవాలి. దగ్గర్లో పరీక్ష లేదు. నేను వనపర్తిలో అధికారి ఒకాయనను కలిసి, కనీసం మా వైపు ఒక్క చోటైనా ఈ పరీక్షకు మనిషిని పెట్టమని అడిగాను. "ఇసోంటి కేసులు మన కాడ లేవమ్మా," అన్నాడు. లెక్క చూసేవాళ్లు లేని చోట కేసులు ఎట్లా ఉంటాయి సార్ అన్నాను. అప్పటికైతే ఆ పిల్లను మా టీచరమ్మ ముందు బెంచీలో కూర్చోబెట్టుకుంది. బడి మానలేదు. పరీక్ష మాత్రం ఇప్పటికీ జరగలేదు.

ఇప్పుడు మా అమ్మాయి ఆరో తరగతి. వనపర్తిలో పెద్ద బడి, రోజూ బస్సులో పోయి వస్తుంది. క్లాసు నిండా పిల్లలు. కొన్నాళ్లకని ఇచ్చిన మైకు తిరిగి ఇచ్చేశాం. చేరిన కొత్తలో ఒకరోజు రాత్రి తింటూ ముచ్చట చెప్పింది. లెక్కల సారు బోర్డు వైపు తిరిగి చెప్పుకుంటూ పోతున్నాడట. ఇది లేచి నిలబడిందట.

"సార్, మీరు అటు తిరిగి చెప్తే నాకు అందదు. నా దిక్కు తిరిగి చెప్పుండ్రి."

"నీ ఒక్కదాని కోసం తిరిగి చెప్పాల్నా?" అన్నాడట ఆయన.

"తిరిగితే అందరికి మంచిగ ఇనబడ్తది సార్," అందట ఇది.

మా అత్తమ్మ పగలబడి నవ్వింది. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. పదకొండేళ్ల పిల్ల లేచి నిలబడి, క్లాసంతా చూస్తుండగా ఈ మాట అడుక్కోవాలా?

"మరి తిరిగి చెప్పిండా?" అని అడిగాను.

"ఆ పూట చెప్పిండు. మల్ల మర్చిపోయిండు," అంది రొట్టె తుంచుకుంటూ. "రేపు మల్ల చెప్త."